గుడ్డ కట్టిన సీసా

మందుల కంపెనీ బస్సు తెల్లవారకముందే కెలమంగలం స్టాపుకు వచ్చేస్తుంది, ఎవరి కోసమూ ఆగదు. అందుకని అమృత రోజూ చీకటుండగానే మేడమెట్లు దిగుతుంది. దిగడం కూడా చెప్పులు చేతిలో పట్టుకునే. ఎందుకంటే మెట్ల కిందే ఇంటివాళ్ళ పట్టుపురుగుల ఇల్లు. దాని గుమ్మం ముందు చెప్పు చప్పుడైనా సరే, ఇంటావిడ జయలక్ష్మమ్మకు కోపం వస్తుంది.

ఆ బుధవారం అమృత మెట్ల మధ్యలోనే ఆగిపోయింది. పురుగులింటి గుమ్మంలో జయలక్ష్మమ్మా, కోడలు గౌరీ ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. అత్త కోడలి అరచేతిలో మాత్ర పెట్టింది. చెంబుతో నీళ్ళు ఇచ్చింది. గౌరి మాత్ర నోట్లో వేసుకుని గటగటా తాగింది. అంతటితో అయిపోవాలి కదా, కాలేదు.

"నోరు తెరువు" అంది జయలక్ష్మమ్మ.

గౌరి నోరు తెరిచింది. జయలక్ష్మమ్మ సెల్‌ఫోన్ లైటు వేసి లోపలికి తొంగిచూసింది.

"నాలిక ఎత్తు."

గౌరి నాలిక ఎత్తింది. అత్త అటూ ఇటూ తల వంచి చూసి, లైటు ఆపేసింది. "సరే, పో. ఆకు వెయ్యి."

దొంగచాటుగా మన్ను తిన్న పసిపిల్లను పట్టుకుని చూసినట్టు ఉంది ఆ చూడటం. గౌరికి ఇరవై ఎనిమిదేళ్ళు. ఇప్పుడు కడుపుతో రెండో నెల. నోరు మూసుకుంటూ తలెత్తేసరికి మెట్లమీద అమృత కనిపించింది. కొంగుతో పెదవులు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ తుడుచుకోవడం చూసి అమృతకు తానే తప్పు చేసినంత సిగ్గేసింది. బస్సులో సీటు దొరికినా ఆరోజు కునుకు పట్టలేదు.

సాయంత్రం బస్సు దిగి నేరుగా జయలక్ష్మమ్మ దగ్గరికే వెళ్ళింది. ఆవిడ వసారాలో ఆకు ఏరుతోంది. పురుగులు నాలుగో జ్వరం దాటాయి. పొర విడిచే ముందు మేత మాని కదలకుండా పడుకుంటాయి, దాన్నే ఈ చుట్టుపక్కల జ్వరం అంటారు. దాటాక ఇక ఆకలే ఆకలి. ముదురాకూ లేతాకూ వేరుచేస్తున్న ఆవిడ చేతులు ఆగడం లేదు.

"అమ్మా, పొద్దున చూసినాను. గౌరక్క నోట్లో లైటేసి చూస్తా ఉండారు ఏంటికి?"

జయలక్ష్మమ్మ దాచలేదు. ఆవిడకు దాచడం చేతకాదు. "ఏం చేసేదమ్మా. పోయినేడు మూడో నెల్లో కడుపు పోయింది. థైరాయిడ్ ఎక్కువుండాది, దాన్నుంచే పోయిందని చెప్పిరి. ఇప్పుడు మళ్ళా నిలిచింది. దినమూ పొద్దున్నే పరగడుపున నా చేత్తో నేనే మాత్ర ఇస్తా ఉండాను. ఒక్క దినం తప్పలేదు, ఆ దేవుని మీద ఒట్టు. మొన్న హోసూర్లో రక్తం తీసి చూస్తే ఇంకా ఎక్కువైందంట! డాక్టరమ్మ ఏమనిందో తెలుసునా? మాత్ర మింగితే ఇంత రాదు, నాలిక కింద పెట్టుకోని అవతలికి పోయి ఉమిసేవాళ్ళను ఎంతోమందిని చూసినానని. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు."

"అక్క అట్ల చేస్తుందా అమ్మా?"

"చేయదనే అనుకుంటి. కానీ మాత్ర పనిచేయకుండా యాడికి పోతుంది, చెప్పు? నా కొడుకు రక్షిత్ అయితే ఒకటే పట్టు పట్టినాడు. బిడ్డమీద మనసు లేనిదానికి ఈ ఇంట్లో పనేమి, ఊత్తంగరైలో వాళ్ళమ్మ దగ్గర వదిలేస్తానంటాడు. పురుగు ఎక్కినాంక ఆదివారం తీసుకోనిపోతాడంట."

పురుగు ఎక్కినాంక! అమృత ఒళ్ళు మండిపోయింది. అంటే పురుగులు గూడు కట్టే తడికెల మీదికి ఎక్కేదాకా ఆకు కోయడానికి, మేపడానికి, పెంట తియ్యడానికి ఆమె చేతులు కావాలి. ఆ చేతులకు పని అయిపోయాక ఆమె అక్కర్లేదు. నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగేసింది. మింగకుండా ఎలా ఉంటుంది? ఎదురుగా ఉన్నది జయలక్ష్మమ్మ.

పోయిన వానల్లో అమృత డెంగీతో మేడమీద ఒంటరిగా పడిపోయినప్పుడు, ఈ అద్దెకున్న పిల్ల ఎవరు, ఎవరింటి పిల్ల అని చూడకుండా కిందికి దింపించి తన మంచంమీద పడుకోబెట్టుకున్న మనిషి. కదిరి నుంచి అమృత వాళ్ళమ్మ వచ్చేదాకా రాగిజావ చెంచాతో పోసింది. రాత్రి చెయ్యి పట్టుకుని కిందే కూర్చుంది. అలాంటి మనిషి చెడ్డది కాదు. భయపడింది, అంతే. భయపడిన మంచివాళ్ళు ఎంత పని చేస్తారో ఆ పొద్దున అమృత కళ్ళారా చూసింది.

"ఒక పది మాత్రలు ఇస్తారామ్మా? మా కంపెనీలో చూపిస్తాను. మందే నకిలీదేమో."

జయలక్ష్మమ్మ ముఖం వెలిగింది. "ఇస్తాను తల్లీ. చూపించు. నాకూ మనసు నిలవలేదు."

ఆవిడ కాళ్ళు కడుక్కుని పురుగులింట్లోకి వెళ్ళింది. అమృత గుమ్మానికి నాలుగు గజాల ఇవతలే నిలబడింది. ఎనిమిది నెలలుగా ఆ ఇంట్లో ఉన్నా ఆ గుమ్మం ఎన్నడూ దాటలేదు. మందుల కంపెనీ వాసన పురుగులకు పడదని మొదటిరోజే జయలక్ష్మమ్మ చెప్పేసింది. పౌడరు, అగరొత్తి, వంటింటి తాలింపు, ఏదీ ఆ లోపలికి పోకూడదు.

ఆవిడ కొంగుముడిలో మాత్రలు తెచ్చి ఇచ్చింది. అమృత ఒకదాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని గోటితో నొక్కింది. మాత్ర పగల్లేదు. సబ్బుముక్కలాగ గోటి గుర్తు పడింది.

అమృత ఇంకొకటి తీసి నొక్కింది. రోజుకు వందల మాత్రలు పట్టుకునే చెయ్యి అది. మాత్ర టప్పున విరగాలి. ఇది విరిగే స్థితిలో లేదు.

*

మూకండపల్లి ఇండస్ట్రియల్ ఎస్టేటులో ఆ కంపెనీ చిన్నదే. అందులో అమృత చేసే పనిని మాత్రం అందరూ ఆటపట్టిస్తారు, మా జ్యోతిష్యురాలు అని. పనీ అలాంటిదే మరి. కొత్త మాత్రను దాని డబ్బాతో సహా ఒక పెద్ద బీరువాలో పెడతారు. లోపల ఎండాకాలం కన్నా ఎక్కువ వేడి, ముసురుపట్టిన రోజంత తేమ. నెలనెలా కొన్ని తీసి, మందు ఎంత మిగిలిందో కొలిచి, ఆ తరుగుదల చూసి బయటి షాపుల్లో, ఇళ్ళల్లో ఈ మాత్ర ఎన్నాళ్ళు బతుకుతుందో ముందే చెప్పాలి. మందుల పెట్టెమీద ఫలానా నెల వరకు అని అచ్చువేసే తారీఖు వెనక ఈ లెక్కే ఉంటుంది. మాత్ర జాతకం అన్నమాట. తేడా ఏమిటంటే ఈ జాతకం తప్పితే చెప్పినవాళ్ళ ఉద్యోగం పోతుంది.

ల్యాబు పెద్ద ప్రసాదు గారు తెనాలి మనిషి. కళ్ళజోడు ముక్కు చివర, నోట్లో ఎప్పుడూ రూలు. అమృత గురువారం పొద్దున్నే మాత్రల పొట్లం బల్లమీద పెట్టి సంగతంతా చెప్పింది.

"బయటి శాంపిలా? మన మిషను మీదా?" ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "ఆడిట్‌లో దొరికితే నా ఉద్యోగం ఊడుద్ది తల్లీ, నీదీ ఊడుద్ది. ఏదైనా బయట ల్యాబుకి పంపించుకో."

"పంపితే వచ్చేసరికి పదిహేను దినాలు సార్. ఆదివారం ఆమెను ఇంట్లోంచి పంపేస్తారు. లోపల బిడ్డ సార్."

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు. అమృత ఆశ వదులుకుని పొట్లం వెనక్కి తీసుకోబోయింది.

"ఆగు. కొత్తగా చేరినవాళ్ళు నేర్చుకోవడానికి ఆ మూల ఒక పాత మిషనుంది చూడు. కంపెనీ లెక్కలో దానికి సంబంధం లేదు. దానిమీద చెయ్యి తిరగాలంటే ఏదో ఒక మాత్ర కావాలిగా?"

"కావాలి సార్."

"ఏ మాత్ర, ఎవరి మాత్ర అని నేనేం అడగను. అదే కంపెనీ మాత్రల సీసా కొత్తది ఒకటి షాపులో కొనుక్కురా. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. లేకపోతే ఆ కొలతకి అర్థం లేదు." అని మళ్ళీ పుస్తకంలో తల దూర్చేశాడు. అమృతకు ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది. పెడితే మళ్ళీ తిడతాడని ఊరుకుంది.

మాత్రమీది అచ్చు చూసి షాపువాడు ఇచ్చిన కొత్త సీసా తెల్లటి ప్లాస్టిక్‌ది. నొక్కి తిప్పితే గాని రాని మూత. మూత కింద రేకు పొర, దాని కింద కాస్త దూది, తేమ పీల్చే చిన్న పొట్లం. అమృత ఇవన్నీ ఒక్కొక్కటే తీసి బల్లమీద వరుసగా పెట్టింది. ఒక మాత్రను తేమ నుంచి కాపాడటానికి ఎంత హంగామా అనుకుంది.

రెండు రకాల మాత్రలూ నూరి, కరిగించి, వడగట్టి, మిషనులో పెట్టేసరికి మధ్యాహ్నమైంది. మాత్రలో మందు ఎంత ఉంటే తెరమీద గీత అంత ఎత్తు లేస్తుంది. కొత్త మాత్ర గీత కొండంత లేచింది. గౌరి మాత్ర గీత దాని సగం దగ్గర చతికిలబడింది. పక్కన ఇంకో రెండు చిన్న గీతలు, మందు విరిగి పుట్టిన చెత్తవి, తోకల్లాగ లేచాయి. అమృత నమ్మలేక ఇంకో మాత్ర పెట్టింది. శుక్రవారం ఇంకో రెండు. అన్నీ అదే కథ.

ప్రసాదు గారు కుర్చీ వెనక నిలబడి చూశాడు. "నకిలీ కాదమ్మా ఇది. నకిలీదైతే మందే ఉండదు, ఇలా విరిగిన ముక్కలూ ఉండవు. మంచి మాత్రే. పాడైపోయింది. మన బీరువాలో మూత తీసి నెలల తరబడి పెట్టినట్టుంది. ఎక్కడ పెట్టారు దీన్ని?"

"తెలీదు సార్. పురుగుల ఇంట్లో ఎక్కడో. నన్ను లోపలికి రానియ్యరు."

"కనుక్కో. అసలు అది కాదు చెప్పేది. ఆ పిల్లకి డాక్టరు డోసు పెంచుకుంటా పోయుంటది, తగ్గట్లేదని. అవునా? ఇప్పుడు మీరెళ్ళి మంచి సీసా తెచ్చి అదే డోసు వేశారనుకో, ఒక్కసారిగా రెట్టింపు మందు పడుద్ది. కడుపుతో ఉన్న పిల్ల, గుండె దడ పట్టుకుంటది. ముందు డాక్టరుకి చెప్పండి. ఆ తర్వాతే కొత్త సీసా."

*

శుక్రవారం బస్సులో కిటికీ పక్కన కూర్చుని అమృత నోట్లోనే మాటలు కూర్చుకుంది. ఎలా చెప్పాలి? మాత్రలు పాడైనాయమ్మా అంటే, ఎట్ల పాడైనాయని అడుగుతుంది. నీ చేతుల్లోనే అని చెప్పాలా? జావ పోసిన చేతులు! కంపెనీవాళ్ళు చెడ్డ మందు అమ్మారని అబద్ధం ఆడేస్తే? గౌరికి నింద పోతుంది, జయలక్ష్మమ్మకూ బాధ ఉండదు. ఎవరూ కనపడని కంపెనీ మీదికి తోసేస్తే చక్కగా సరిపోతుంది. అబద్ధం అంత తియ్యగా ఉంటుందని అమృతకు అప్పుడే తెలిసింది.

కానీ ఆ అబద్ధం చెబితే కొత్త సీసా కూడా వెళ్ళి ఆ చోటే కూర్చుంటుంది. నాలుగు నెలలకు మళ్ళీ ఇదే గీత. అప్పటికి గౌరి కడుపులో బిడ్డ ఉంటుందో ఉండదో. కెలమంగలం వచ్చేసరికి అమృత అబద్ధాన్ని బస్సులోనే వదిలేసి దిగింది.

చెప్పడానికి మాత్రం ఆ రాత్రి వీలవలేదు. ఇల్లంతా హడావుడి. మర్నాడు శనివారం, అనుకున్నదానికన్నా ముందే పురుగులు పండిపోయాయి. పండిన పురుగు ఆకు ముట్టదు. ఒళ్ళు పసుపుపచ్చగా, లోపలికి వెలుగు కనపడేలా అయిపోయి, తలెత్తి గాలిలో వెతుకుతుంది. అప్పుడే ఏరి చంద్రికల మీద వెయ్యాలి. అవి వెదురు తడికెలు, మెలికలు మెలికలుగా అల్లినవి. వాటిమీద గూడు కట్టుకుంటుంది. ఆలస్యమైతే పెంటలోనే దారం కక్కేసి పంట నాశనం. కూలికి వస్తామన్న ఇద్దరాడవాళ్ళు రాలేదు. రక్షిత్ చాలని చంద్రికల కోసం పక్కూరికి పోయాడు.

"అమృతమ్మా!" కింది నుంచి జయలక్ష్మమ్మ కేక. "నీళ్ళు పోసుకోని, గౌరి చీరొకటి కట్టుకోని రా తల్లీ. సబ్బు పూసుకోవాక. చేతులు చాలడంలేదు."

అలా అమృత మొదటిసారి ఆ గుమ్మం దాటింది.

లోపలికి అడుగుపెట్టగానే ముఖానికి ఉడుకు తేమ కొట్టింది. రేకుల కప్పు కింద చుట్టూ తడి గోనెపట్టలు వేలాడుతున్నాయి. నేలమీద నీళ్ళు చల్లి ఉన్నాయి. అరల నిండా ఆకు, పెంట, పురుగు కలిసిన పచ్చి వాసన. అమృతకు ఈ గాలి బాగా తెలుసు. తన ఉద్యోగమే ఈ గాలి. కంపెనీలో ఇంత వేడీ ఇంత తేమా పుట్టించడానికి ఒక మిషను రాత్రింబగళ్ళు మూలుగుతూ ముక్కుతూ పనిచేస్తుంది. ఇక్కడ నాలుగు గోనెపట్టలు ఆ పని చేసేస్తున్నాయి.

అరకు అటువైపు గౌరి పురుగులు ఏరుతోంది. ఇటువైపు జయలక్ష్మమ్మ. అమృత ఆవిడ పక్కన చేరి, ఆవిడ చెయ్యి చూసి తన చెయ్యి కదిపింది. పురుగును నలపకుండా, మూడు వేళ్ళతో, నడుము దగ్గర పట్టాలి. చల్లగా మెత్తగా ఉంది. తొలి రెండూ చేజారాయి. తర్వాత చెయ్యి కుదిరింది.

గోడమీద ప్రభుత్వం వాళ్ళిచ్చిన తేమ కొలిచే కొలబద్ద ఉంది. దాని పక్కన మేకుకు తెల్లటి ప్లాస్టిక్ సీసా వేలాడుతోంది. అదే సీసా. మూత లేదు. మూతి చుట్టూ పలచటి మల్లుగుడ్డ కట్టి ఉంది.

"అమ్మా, సీసాకు గుడ్డ కట్టినారేమి? మూతేమైంది?"

"ఆ మూత పాడుగాను, నొక్కల్ల తిప్పల్ల, ఆకు జిడ్డు చేత్తో రానేరాదు. తీసేసినాను. ఐనా మూస్తే ఎట్లమ్మా? గాలాడల్ల కదా. ఆకు మూసిపెడితే వేడెక్కి కుళ్ళిపోతుంది, పురుగు మూసిపెడితే చస్తుంది. మందు మాత్రం మూసిపెడితే పాచిపోదా? అందుకే గుడ్డ కట్టినాను, దుమ్ము పడకుండా, గాలి ఆడేటట్ల."

ఆవిడ చెప్పే తీరులో గర్వం ఉంది. ఎంత జాగ్రత్తగా చూసుకున్నానో చూడు అన్న గర్వం. ముప్పై ఏళ్ళుగా ఆ పురుగులు ఆవిడకు నేర్పిన జాగ్రత్త. అమృత ఇంకో పురుగును ఏరి చంద్రిక మీద వేసింది.

"లోపల చిన్న పొట్లం ఉండాలే?"

"ఉండె. తినగూడదని బొమ్మ వేసి ఉంటే, కడుపుతో ఉన్న పిల్ల తినే మందులో విషం ఏంటికని పారేసినా."

"ఒక పంట అయినాక ఇల్లు కడుగుతారు కదా, బ్లీచింగ్ పౌడర్ కొట్టి తలుపులేసి పెడతారే, అప్పుడు సీసా యాడ ఉంటుంది?"

"యాడ ఉంటుంది, ఈడనే. దినమూ పొద్దున్నే గౌరి మొదట వచ్చేది ఈడికే కదా. మొదటి మేత వేసేదాకా నోట్లో నీళ్ళు కూడా పోసుకోదు. పరగడుపున మాత్రకు ఇంతకన్నా మంచి చోటు యాడుండాది?"

ఇక దాచడానికి ఏమీ లేదు. అమృత ఏరుతూనే చెప్పింది. చేతులు ఆపితే చెప్పలేనని తెలుసు. మాత్రకు గాలి అక్కర్లేదని, గాలే దానికి శత్రువని చెప్పింది. ఈ గదిలో పురుగుకు కావలసిన వేడీ తేమే మాత్రను లోపల్లోపల తినేసిందని, సగం మందే మిగిలిందని, మిషను చూపించిందని చెప్పింది. "గౌరక్క ఒక్కటి కూడా ఉమియలేదమ్మా. మీరిచ్చిన ప్రతి మాత్రా మింగింది. మాత్రలోనే మందు లేదు."

అరకు అటువైపు గౌరి చేతులు ఆగిపోయాయి.

జయలక్ష్మమ్మ వేళ్ళు పురుగును పట్టడం, చంద్రిక మీద వెయ్యడం, మళ్ళీ పట్టడం మానలేదు. పండిన పురుగు ఎవరి దుఃఖం కోసమూ ఆగదు మరి. చాలాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుంది. చెమటో కన్నీళ్ళో ఆ ఉక్కలో ఎవరికి తెలుస్తుంది. తర్వాత లేచి వెళ్ళి మేకునుంచి సీసా తీసి, గుమ్మం అవతలికి చెయ్యి చాపి బయట పెట్టి వచ్చింది.

సరిగ్గా అప్పుడే రక్షిత్ చంద్రికలు మోసుకుంటూ వచ్చాడు. గుమ్మం దగ్గర దింపి, ఆయాసపడుతూనే, "అమ్మా, రేపు పొద్దున్నే ఊత్తంగరైకి పోతా ఉండాము. వాళ్ళమ్మకు ఫోను చేసి చెప్పేసినాను, సాయంత్రంలోపల తెచ్చి వదుల్తానని" అన్నాడు.

"ఊత్తంగరై లేదు ఏమీ లేదు. రేపు హోసూరుకు పోదాము, డాక్టరమ్మ దగ్గరికి. నేనూ వస్తా."

"ఇంకా ఏంటికి? తప్పు ఎవరిదో ఆయమ్మ చెప్పె కదా."

"ఆయమ్మకు తెలియదు. నాకు తెలుసు ఎవరిదో."

"ఎవరిది?"

"నాది" అంది జయలక్ష్మమ్మ. "నిలబడి చూస్తావేమి, చంద్రికలు లోపలికి అందియ్యి. పురుగు దారం కక్కేస్తా ఉంది."

*

డాక్టర్ శశికళ ఆదివారం పూట మధ్యాహ్నం దాకే చూస్తుంది. వరండా కిక్కిరిసి ఉంది. లోపలికి పిలిచేసరికి జయలక్ష్మమ్మ, గౌరి, రక్షిత్, అమృత నలుగురూ దూరిపోయారు. ఇంతమందా అన్నట్టు చూసి, డాక్టరు ఆ పొద్దున తీసిన కొత్త రక్తపరీక్ష కాగితం తిప్పింది.

"ఇంకా ఏరిపోయింది, ఎక్కువైంది" అంది పెన్ను అందుకుంటూ. ఆవిడ తెలుగులో తమిళం ఎప్పుడూ తొంగిచూస్తుంది. "డోసు ఇంకా పెంచాల. ఈసారైనా సరిగ్గా మింగమ్మా."

"మింగింది డాక్టరమ్మా. దినమూ మింగింది" అని జయలక్ష్మమ్మ మొదలుపెట్టింది. మిగతాది అమృత చెప్పింది, ఫోనులో తీసుకున్న గీతల బొమ్మ చూపిస్తూ. రేకుల కప్పు, తడి గోనెపట్టలు, మల్లుగుడ్డ, బ్లీచింగు, ఏదీ వదలలేదు.

డాక్టరు పెన్ను కింద పెట్టేసింది. బొమ్మను పెద్దది చేసి చూసింది. "సగమా?"

"సగానికి కొంచెం పైన మేడం. నాలుగు మాత్రలు చూసినాను."

"అయ్యో కడవుళే, దేవుడా!" ఆవిడ చెయ్యి నుదుటికి పోయింది. "ఈ పూట డోసు పెంచి పంపించేదాన్ని. వీళ్ళు కొత్త సీసా కొని ఉంటే?" ఆ మాట పూర్తి చెయ్యకుండానే గౌరి నాడి పట్టుకుంది. గుండె విన్నది. పక్క గదికి తీసుకుపోయి స్కాన్ చూసింది. రక్షిత్ గోడకానుకుని నిలబడ్డాడు. వాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

తిరిగి వచ్చి కూర్చున్నాక డాక్టరు డోసు తగ్గించి రాసింది. మూడు వారాలకు మళ్ళీ రక్తం చూడాలంది. సీసా మూతతో, పొట్లంతో, పొడిగా ఉండే గదిలో, పడుకునే మంచం పక్కనే పెట్టాలంది. అంతా చెప్పి, గౌరి వైపు తిరిగింది.

"నేను అట్ల అనకూడదమ్మా. చూడకుండానే అన్నాను. మన్నించు."

గౌరి అత్త వైపు చూసింది. జయలక్ష్మమ్మ ఇక ఆగలేకపోయింది. "మీరు కాదమ్మా, చేసింది నేను. నా చేత్తో నేనే దినమూ చచ్చిపోయిన మందు పెడితి. పైగా దాని నోట్లో లైటేసి చూస్తి. పోయినేడూ ఈ మాత్రలే ఇస్తి, ఆ బిడ్డ కూడా నా చేతి మీదనే పోయిందేమో!" అని ఏడ్చేసింది. కోడలి ముందు, కొడుకు ముందు, డాక్టరు ముందు.

డాక్టరు ఆవిడ ఏడుపు కాస్త తగ్గేదాకా ఆగింది. "పోయినేడు సంగతి ఎవరూ చెప్పలేరమ్మా. ఇది మాత్రం చెప్తాను, వినండి. సగం మందే. కానీ ఒక్క దినం తప్పలేదు కదా? ఈ పేషెంట్లలో తప్పకుండా వేసుకునేవాళ్ళు ఎంతమంది అనుకుంటారు? ఆ సగం దినమూ పడినందుకే ఈ బిడ్డ ఇంతవరకు నిలిచింది. ఇప్పుడే చూసి వచ్చాను, గుండె నల్లా, బాగా కొట్టుకుంటా ఉంది. ఆ సగం ఇచ్చింది మీ చెయ్యే."

జయలక్ష్మమ్మ తన అరచేతులవైపు చూసుకుంది. గౌరి అప్పుడు లేచి, ఆ చేతుల్లో ఒకదాన్ని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "అత్తా, నాకు దినమూ తెల్లారి లేవను చేతనయ్యేది కాదు. మీరు పిలిచి ఇయ్యకపోతే నేనే ఎన్ని దినాలు మరిచిపోయి ఉంటానో" అంది. గౌరి అంత పొడుగు మాట మాట్లాడటం అమృత ఆ వారంలో వినలేదు.

కెలమంగలం బస్సు ఆదివారపు సంతజనంతో నిండిపోయి ఉంది. ఎవరో పెద్దాయన గౌరిని చూసి లేచి సీటిచ్చాడు. కాసేపటికి పక్క సీటూ ఖాళీ అయింది, జయలక్ష్మమ్మ కూర్చుంది. అమృత కమ్మీ పట్టుకుని వాళ్ళ పక్కనే నిలబడింది. జయలక్ష్మమ్మ ఒకసారి తలెత్తి, "ఆ పురుగులింట్లో నాకు చెప్పేటప్పుడు నీకు భయం కాలేదా?" అని అడిగింది.

"అయిందమ్మా. శానా అయింది."

"అయినా చెప్పినావు" అని ఆవిడ అమృత చేతిసంచి లాక్కుని తన ఒళ్ళో పెట్టుకుంది. అమృతకు కళ్ళు చెమ్మగిల్లాయి. జావ పోసిన అమ్మను పోగొట్టుకుంటానేమో అని శుక్రవారం నుంచి గుండెలో మోస్తున్న బరువు, ఆ సంచితోపాటు దిగిపోయింది.

రక్షిత్ మెట్ల దగ్గర జనంలో ఇరుక్కుని ఉన్నాడు. ఇంటి నుంచి బయలుదేరింది మొదలు పెళ్ళాం కళ్ళల్లోకి చూడలేదు. అంతలో వాడి ఫోను మోగింది. ఊత్తంగరై నుంచి గౌరి వాళ్ళమ్మ. ఇంకా రాలేదేమని అడగడానికి కాబోలు. వాడు గొంతు తగ్గించి ఏదో గొణిగాడు. అవతల ఆమెకు చెముడు. పైగా బస్సు మోత.

"రాలేదత్తా... రాలేదు అంటా ఉండా!... హోసూరికి పోయినాము... ఆఁ?... బాగుండాది! బిడ్డ బాగుండాది!"

నాలుగు తలలు అటు తిరిగాయి. రక్షిత్ ఒక చెవి మూసుకున్నాడు.

"గౌరి మాత్రలన్నీ మింగింది!... మింగింది! తప్పు దానిది కాదు!... మాది!... తప్పు మాదత్తా!... వినబడలేదా?" ఊపిరి పీల్చుకుని, బస్సంతా అదిరేలా అరిచాడు. "తప్పు మా... ది!"

బస్సులో మాటలన్నీ ఆగిపోయాయి. కండక్టరు టిక్కెట్ల సంచి సర్దుకుంటూ, "తప్పు ఎవరిదైనా కానీ సామీ, మెట్టుమీద మాత్రం నిలబడవాక, లోపలికి జరుగు" అన్నాడు. జనం ఘొల్లుమన్నారు. రక్షిత్ చెవులు ఎర్రగా కందిపోయాయి. అయినా ఫోను పెట్టెయ్యలేదు. అందరి భుజాల మీదుగా చెయ్యి సాచి పెళ్ళానికి ఇచ్చాడు. అది అమృత చేతిలోకి, అక్కడినుంచి గౌరి చేతిలోకి వచ్చింది. ఇచ్చేటప్పుడు మొదటిసారిగా వాడు గౌరి వైపు చూశాడు.

గౌరికి నవ్వు వస్తోంది, కళ్ళనుంచి నీళ్ళూ వస్తున్నాయి. అత్త భుజానికి తల ఆనించి ఫోను చెవిదగ్గర పెట్టుకుంది. అవతల నుంచి తల్లి ఏం అడిగిందో బస్సు మోతలో ఎవరికీ వినపడలేదు. గౌరి జవాబు మాత్రం అమృతకు వినపడింది.

"ఇప్పుడా? ఇంటికి పోతా ఉండానమ్మా."